గొట్టం నోటి మీద అరచేయి

పల్లపులంకలో చేతి పంపు కొట్టి నీళ్ళు తాగిన ప్రతి ఇంటికీ జ్ఞానప్రకాశం కుడి అరచేతితో సంబంధం ఉండేది. అంబాజీపేటకు దక్షిణంగా, రెండు కాలువల నడుమ కొబ్బరితోటల నీడలో ఒదిగిన ఆ ఊరిలో పంపులన్నీ అతడు దింపినవే. ఆ రోజుల్లో అక్కడ బోరు వేయడానికి యంత్రాలు లేవు. వెదురు బొంగులతో మంచె కట్టేవారు. ఇనుప గొట్టాన్ని నేలలో నిలిపి, కింద నిలబడిన మనుషులు దాన్ని మీటకర్రతో ఎత్తి దింపుతూ ఉంటే, మంచె మీద కూర్చున్న మేస్త్రి గొట్టం నోటిని అరచేత్తో మూస్తూ తెరుస్తూ ఉండేవాడు. లేచినప్పుడు మూయాలి, పడినప్పుడు తెరవాలి. తెరిచిన ప్రతిసారీ అడుగున ఉన్న బురద బుస్సున పైకి చిమ్మేది. గొట్టం ఆ మేరకు కిందికి జారేది.

కోనసీమ నేలలో పైన తియ్యటి నీరు, దాని కింద ఉప్పునీరు. ఒక్క పొర ఎక్కువ దిగితే బావి చెడిపోతుంది. ఆ ఉప్పు పొర దగ్గరపడుతున్న సంగతి మొదట తెలియవలసింది మేస్త్రి అరచేతికే. "ప్రకాశం గారి చెయ్యి పడిందంటే నీళ్ళు తియ్యగానే ఉంటాయండి" అని ఊరు అనేది. అతడు ఆ మాటకు బదులు పలికేవాడు కాడు. ఇంటికి వెళ్ళే దారిలో మాత్రం, ఎవరూ లేని చోట, అరచేయి విప్పి ఒకసారి చూసుకొనేవాడు.

పూర్వులు మనిషి లోపలి శత్రువులు ఆరుగురన్నారు. వారిలో అయిదుగురు తమ పేరు తాము చెప్పుకొనే వస్తారు. ఆరవది మాత్సర్యం. అది మాత్రం న్యాయమనే పేరు పెట్టుకొని వచ్చి, మన పక్షాన వాదించే ప్లీడరులా మన అరుగు మీదే కూర్చుంటుంది. జ్ఞానప్రకాశం ఇంటికి అది వచ్చినప్పుడు అతడు దాన్ని గుర్తించలేదు. న్యాయమే వచ్చిందనుకొన్నాడు.

అతని భార్య సుగుణ. ఆమె తమ్ముడు సాలమోను అక్క పెళ్ళినాటి నుంచి బావగారి వెంటే పనిచేశాడు. మొదట మీటకర్ర లాగాడు, తరువాత పేడనీళ్ళు కలపడానికి ఎదిగాడు. బోరు గుంటలో పేడనీళ్ళు పోయడం ఆ పనిలో తప్పని నియమం. అది గోడలకు పూతలా పట్టి, ఇసుకను కూలనీయదు. గాలి దూరే సందులను మూసేస్తుంది. చివర గొట్టం చుట్టూ బంకమట్టి మెత్తేటప్పుడు కూడా అందులో పిడికెడు పేడ కలపవలసిందే. "పేడ పడకపోతే ఈ మట్టి రేపటికి బీటలిచ్చేస్తాదిరా. కలపకుండా ఎప్పుడూ మెత్తకు" అని జ్ఞానప్రకాశం ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. సాలమోను చేతికి అది భోజనం ముందు ప్రార్థన లాంటి అలవాటై పోయింది.

1981లో, కోతలు అయిపోయి నేల ఆరిన తరువాత, హైదరాబాదు నుంచి ఒక సర్వే బృందం వచ్చి సూర్యావతి గారి కొబ్బరితోటలో డేరాలు వేసింది. సూర్యావతి గారు ఆ ఊరి రైతు కుటుంబంలో పెద్దావిడ. భర్త పోయిన తరువాత సేద్యమంతా ఆమె చేతి మీదే నడిచేది. బృందం నాయకుణ్ణి ఊరంతా ఆఫీసరు గారనే పిలిచేది. వారు వెదికేది నీటిని కాదు, నూనెను కాదు. భూమి అడుగున ఉన్న వేడిని. గోదావరి ఎగువన అడవుల్లో వేడినీటి ఊటలు ఉన్నాయి. ఆ ఊటలను మరిగించే వేడి నది వెంబడే పాకుతూ ఈ డెల్టా కిందికి కూడా వచ్చిందేమో చూడాలి. వస్తే ఆ ఆవిరితో కరెంటు తీయవచ్చు.

అంత లోతు తవ్వకుండా ఎలా చూడడం? ఆఫీసరు గారు చెప్పిన ఉపాయం ఇది. అడుగున నీరు మరుగుతూ ఉంటే దాని వాయువులు రాతి పగుళ్ళలో పాకి పైకి వచ్చి, మట్టి రేణువుల నడుమ ఉన్న గాలిలో కలుస్తాయి. కాబట్టి నేలలో నడుం లోతుకు సన్నని గొట్టం కొట్టి, చుట్టూ మట్టితో బిగించి, మూతికి రబ్బరు బిరడా పెట్టి ఒక రాత్రి వదిలేయాలి. మర్నాడు ఆ గాలిని పిచికారీతో లాగి సీసాలో పట్టి పరీక్షించాలి. అందులో బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా ఉంటే ఆ చోట ఎర్ర జెండా, లేకుంటే తెల్ల జెండా. ఎర్ర జెండాలు ఎక్కడ గుంపుకడితే అక్కడికి లోతు బోరు వేసే పెద్ద యంత్రం వస్తుంది.

గొట్టం దింపడం తెలిసిన మనిషి కావాలని అడిగితే ఊరంతా ఒక్క పేరే చెప్పింది. కానీ ఆ వారం జ్ఞానప్రకాశం రాజోలులో బోరు పని మీద ఉన్నాడు. "ఆయన లేకపోతే ఆయన బావమరిది ఉన్నాడండి. ఇద్దరిదీ ఒకటే చేతిపని" అని సూర్యావతి గారు సాలమోనును ముందుకు నెట్టారు. జ్ఞానప్రకాశం తిరిగి వచ్చేసరికి బావమరిది ఒంటి మీద ఖాకీ కోటు ఉంది.

"బావగారూ, మీ పేరే చెప్పేనండి. మీరు ఊళ్ళో లేరనేసరికి నన్ను రమ్మన్నారు" అన్నాడు సాలమోను, గుండీలు సర్దుకొంటూ. "పని బాగుంటే ఆఫీసులో పర్మనెంటు చెయ్యమని రాస్తారంటండి."

"ఆయ్. మంచిదే గదా" అన్నాడు జ్ఞానప్రకాశం.

మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కొని డేరాల దగ్గరికి వెళ్ళాడు. ఆఫీసరు గారు మర్యాదగానే మాట్లాడారు. పడమటి వైపు రంధ్రాలు తమతో వచ్చిన మనిషి చూస్తున్నాడని, తూర్పు వైపుకు సాలమోను సరిపోతాడని, అవసరమైతే కబురు పెడతానని చెప్పారు. వెనక్కి వస్తూ జ్ఞానప్రకాశం తోట గట్టు మీద ఆగాడు. సాలమోను ఒక గొట్టం కొట్టి, దాని చుట్టూ మట్టి మెత్తుతున్నాడు. ఆ మట్టిలో అలవాటుగా పిడికెడు పేడ కలిపాడు. జ్ఞానప్రకాశం అది చూశాడు. నేను నేర్పిన పనే, నేను చేయవలసిన పనే అనుకొన్నాడు. అప్పటికి అంతే.

నాలుగు రోజుల తరువాత ఆఫీసరు గారు ఊరివాళ్ళను పిలిచి ఒక జాగ్రత్త చెప్పారు. బొగ్గుపులుసు వాయువు అడుగున ఉన్న వేడి నుంచే కాదు, పైన కుళ్ళే దేని నుంచైనా పుడుతుంది. కాబట్టి గొట్టాల దరిదాపుల్లో ఆకు గాని, పెంట గాని, పేడ గాని వేయవద్దు. జనంలో నిలబడి విన్న జ్ఞానప్రకాశానికి గట్టు మీద నుంచి చూసిన ఆ పిడికెడు పేడ గుర్తుకు వచ్చింది. సాలమోను ఆ సమయానికి తూర్పు గట్టున గొట్టం కొడుతున్నాడు. ఆ మాట అతని చెవిన పడలేదు. రంధ్రం పక్కన కాదు, రంధ్రం నోటిలోనే పేడ ఉంది.

నోరు విప్పితే ఒక్క మాట. సాలమోను పరుగెత్తి మట్టి మార్చేసేవాడు. జ్ఞానప్రకాశం నోరు విప్పలేదు. నన్నెవరడిగారు అనుకొన్నాడు. అవసరమైతే కబురు పెడతామన్నారుగా, కబురు రానీ అనుకొన్నాడు. ప్లీడరు అరుగు మీద కూర్చొని తల ఊపాడు.

తూర్పు వైపున ఎర్ర జెండాలు లేచాయి. పడమటి మనిషి వట్టి మట్టితో మూసిన చోట్ల తెల్లగుడ్డలు వేలాడుతుంటే, సాలమోను మూసిన చోటల్లా ఎరుపు పూసింది. సూర్యావతి గారి తోటలో అవి వరుసకట్టాయి. పెద్ద యంత్రం ఆ తోటకే వస్తుందని, సాలమోను ఉద్యోగం ఖాయమని ఊరు తీర్మానించేసింది.

"మా తోట కింద నిప్పుందంటండి ప్రకాశం గారూ! ఇంక మా ఇంట్లో పొయ్యిలోకి కమ్మలు ఏరక్కర్లేదు. గుంట తవ్వి ఎసరు పెట్టేయడవే" అని సూర్యావతి గారు నవ్వారు. "మీ బావమరిది చెయ్యి వేసిన చోటల్లా భూమి ఊపిరి వదులుతోందంట. ఆ చేతిలో ఏదో ఉందండి!"

"ఏముంటుందండి, మట్టే" అన్నాడు జ్ఞానప్రకాశం. ఆ పూట దారిలో అతడు అరచేయి చూసుకోలేదు.

అసూయకు కన్ను సూక్ష్మం. ఇంట్లో సుగుణ తమ్ముడి కోటు ఉతికి నీడన ఆరవేయడం అతనికి కనబడింది. చేపల కూరలో నడిముక్క ఎవరి కంచంలో పడిందో కనబడింది.

"వాడికి వేసేవు, నాకు తోకముక్క మిగిలిందా?" అన్నాడొక రోజు.

"ఇదేటండీ చిన్నపిల్లాడిలాగ! వాడు పొద్దున్నించీ ఎండలో తిరిగేడు."

"నేనిన్నేళ్ళూ మంచె మీద గొడుగేసుకు కూచున్నానా?"

సుగుణ తన కంచంలోని ముక్క తీసి అతని కంచంలో వేసింది. అతడు తిన్నాడు గాని, అడిగి తెచ్చుకొన్న ముక్కకు రుచి ఉండదని ఆ పూట తెలిసింది.

వారు ఆదివారం ఆదివారం మందిరంలో రొట్టె విరిచే సంఘానికి చెందినవారు. చాపల మీద మగవారు ఒక వైపు, ఆడవారు ఒక వైపు కూర్చొంటారు. ఒక్కటే రొట్టె ఉన్న పళ్లెం చేతి నుంచి చేతికి నడుస్తుంది. ఎవరికి వారు ఒక ముక్క విరుచుకొని పక్కవారికి అందిస్తారు. సహోదరుని మీద మనసులో ఏదైనా పెట్టుకొన్నవాడు విరవకుండానే పళ్లెం దాటిస్తాడు. ఎందుకని ఎవరూ అడగరు. కానీ అందరూ చూస్తారు. జ్ఞానప్రకాశం, సాలమోను ఎప్పుడూ పక్కపక్కనే కూర్చొనేవారు. ఆ ఎర్ర జెండాల కాలంలో ప్రతి ఆదివారమూ పళ్లెం జ్ఞానప్రకాశం చేతిలో ఒక్క క్షణం ఆగి, రొట్టె చెక్కుచెదరకుండా సాలమోను చేతికి పోయేది. సాలమోను బావగారి ముఖంలోకి ఒకసారి చూసి, తల వంచుకొని విరుచుకొనేవాడు.

చివరకు హైదరాబాదు నుంచి ఇంకొక పరికరం వచ్చింది. అందులో సన్నని బంగారు పొర ఉంది. నేల లోతుల్లో నిజంగా వేడి ఉంటే దానితో పాటు పాదరసపు ఆవిరి లేశమాత్రంగా పైకి వస్తుంది. ఆ లేశాన్ని బంగారం పట్టుకొంటుంది. ఎర్ర జెండాల చోట్ల గాలిని దానిలోకి పంపారు. బంగారం మీద ఏమీ పడలేదు. మళ్ళీ పంపారు. మళ్ళీ లేదు. ఆఫీసరు గారి ముఖం చూసి జనం డేరా ముందు గుమిగూడారు.

"ఒక వాయువు ఉంది, రెండోది లేదు. వేడి నుంచి వచ్చిందైతే రెండూ ఉండాలి. రేపు ఈ గొట్టాలన్నీ పీకించి నేనే దగ్గరుండి మళ్ళీ వేయిస్తాను" అన్నారు ఆఫీసరు గారు.

రేపటికి ఆ రహస్యం తనంతట తానే బయటపడుతుంది. అప్పుడు చెప్పినందుకు తనకేమీ మిగలదు. జ్ఞానప్రకాశం జనాన్ని తోసుకొని ముందుకు వచ్చాడు.

"అక్కర్లేదండి. మీ మనిషి మట్టిలో పేడ కలిపి మూసేడండి. మీరు పట్టింది పేడ గాలండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆఫీసరు గారు నవ్వలేదు. ఒక గొట్టం దగ్గరికి నడిచి, చుట్టూ ఉన్న మట్టిని చిదిమి వాసన చూశారు.

"ఇది మీరెప్పుడు చూశారు ప్రకాశం గారూ?"

"మొదటి రోజేనండి."

"పేడ వేయవద్దని నేను చెప్పిన రోజు మీరు జనంలోనే ఉన్నారు."

"అమ్మ ప్రకాశం గారూ!" అన్నారు సూర్యావతి గారు నెమ్మదిగా.

"నువ్వెందుకు కలిపావు సాలమోనూ?" అని ఆఫీసరు గారు ఇటు తిరిగారు.

సాలమోనుకు ఇంకా ఏమి జరిగిందో పూర్తిగా అర్థం కాలేదు. తన పనికి సాక్ష్యం చెప్పుకొంటున్నాననే అనుకొన్నాడు. "గాలి దూరకూడదన్నారు గదండీ. అందుకని బోరుకి మెత్తినట్టే మెత్తేనండి. మా బావగారు నేర్పిన పనండి. ఆయన మెత్తింది ఇంతవరకూ ఎక్కడా బీట ఇవ్వలేదండి."

ఆ పొగడ్త జ్ఞానప్రకాశం జీవితంలో విన్నవాటిలో పెద్దది. వినదగిన స్థితిలో అతడు లేడు.

సాలమోను తానే కోటు విప్పి మడతపెట్టి బల్ల మీద ఉంచాడు. ఆఫీసరు గారు దాన్ని అతని బావగారి వైపు జరిపి, "గొట్టాలన్నీ తిరిగి వేయాలి, ఈ ఊళ్ళో పని తెలిసినవారు మీరే మిగిలారు. మీ మీద ఇష్టంతో పిలవడం లేదు, అది తెలుసుకోండి" అని జ్ఞానప్రకాశంతో అన్నారు. "ఆయ్" అన్నాడతడు. కోటు భుజాల దగ్గర బిగువైంది.

కోరినది చేతికి వచ్చింది. ఆ చేత్తోనే అతడు వట్టి మట్టి మెత్తి కొత్త గొట్టాలు దింపాడు. ఒక్కొక్క ఎర్ర జెండానూ పీకి, ఆ గుంటలోనే తెల్లది పాతాడు. తోట చివరి జెండా మార్చిన నాడు ఆఫీసరు గారు సీసాలు సర్దిస్తూ, "కింద నుంచి వచ్చింది ఏమీ లేదు. అంతా పైన కుళ్ళినదే" అన్నారు. వారు మాట్లాడినది మట్టి గురించే. జ్ఞానప్రకాశం ఆ మాటను ఇంటిదాకా మోసుకెళ్ళాడు. దానికంటె చిత్రమైన సంగతి ఇంకొకటి ఉంది. సాలమోను పేర అబద్ధపు జెండాలైనా ఎర్రగా ఎగిరాయి. తన పేర అది కూడా లేదు. దానికి కూడా అతని కడుపు మండింది.

వానలకు ముందే బృందం డేరాలు ఎత్తేసింది. పర్మనెంటు మాట ఎవరూ ఎత్తలేదు. కోటు కూడా తిరిగి ఇచ్చేయవలసి వచ్చింది. ఈలోగా రాజోలు నుంచి రెండో బోరుకు పిలుపు వస్తే, బావగారికి తీరిక లేదని సాలమోనే వెళ్ళి మంచె ఎక్కాడు. నీళ్ళు తియ్యగా పడ్డాయి. ఆపైన పిలుపులు అతనికే వచ్చాయి. జ్ఞానప్రకాశం గురించి ఊరు చెడ్డగా ఏమీ అనలేదు. అతణ్ణి పిలవడం మాత్రం మానేసింది. అతడు అంబాజీపేటలో కొబ్బరికాయల లారీలకు ఎత్తుడు పనికి వెళ్ళేవాడు.

బృందం వెళ్ళిన తరువాతి మొదటి ఆదివారం సాలమోను ఎప్పటిలా పక్కనే కూర్చొన్నాడు గాని, ముందు వరుస వైపు జరగడంతో పళ్లెం ఈసారి అతని చేతికే ముందు వచ్చింది. అతడు తొట్రుపడకుండా ఒక ముక్క విరుచుకొని బావగారికి పళ్లెం అందించాడు. ఉద్యోగం పోయినవాడి వేళ్ళ నడుమ రొట్టె ఉంది. జ్ఞానప్రకాశం దాన్ని చూశాడు. కోటును చూసి అసూయపడ్డాడు, జెండాలను చూసి అసూయపడ్డాడు. కానీ ఆ చిన్న ముక్కను చూసినప్పుడు పడిన అసూయకు అవేవీ సాటి రావు. వాడు ఎలా తినగలుగుతున్నాడు? తాను విరవకుండానే పళ్లెం దాటించేశాడు. అలా ఏళ్ళు గడిచాయి.

ఎనభైల నడుమ ఒక ఎండాకాలం సూర్యావతి గారి పాత పంపు మూలపడింది. అదే తోటలో కొత్త బోరుకు సాలమోనును పిలిచారు. రెండవ రోజు మధ్యాహ్నం అతడు ఒంటి నిండా బురదతో బావగారి గుమ్మంలో నిలబడ్డాడు.

"బావగారూ, ఓసారి రండి. నీటి పొర పలచగా ఉందండి. ఇంకో గొట్టం దించితే బాగా ఊరుతాదనిపిస్తోంది, ఉప్పు తగులుతాదేమోనని భయంగా ఉంది. నా చేతికి తెలియట్లేదండి."

"నీ చెయ్యి మంచిదంటారుగా ఊరంతా."

"అంటారండి. కిందున్నదాన్ని అడిగి చెబుతారేటండీ వాళ్ళు?"

జ్ఞానప్రకాశం వెళ్ళాడు. మంచె ఎక్కి గొట్టం నోటి మీద అరచేయి పెట్టాడు. కింద మనుషులు మీటకర్ర లాగారు. గొట్టం లేచింది, పడింది. బురద వేళ్ళ సందుల్లోంచి చిమ్మింది. ఉప్పు పొర దగ్గరపడినప్పటి మెత్తదనం ఆ అదురులో వచ్చేసింది. అరచేతిని అంటిన బురద నాలుకకు తాకించాడు. ఉప్పు కాదు, ఉప్పుకు గుమ్మం.

"ఇంకోటి దించమంటారా?" అని సాలమోను కింద నుంచి అడిగాడు. కొత్త గొట్టం ఎత్తి పట్టుకొనే ఉన్నాడు. సూర్యావతి గారు కొబ్బరిచెట్టు మొదట్లో నిలబడి చూస్తున్నారు.

మాట్లాడకపోతే చాలు. ఒక్క గొట్టం. ఊరంతా ఉమ్మే నీళ్ళు పడతాయి, ఆ మంచి చెయ్యి పేరు ఆ తోటలోనే పూడిపోతుంది. నన్నెవరడిగారని కూడా ఈసారి అనుకోవడానికి లేదు, అడిగారు. ఆ మౌనం ఎంత తియ్యగా ఉంటుందో అతనికి తెలుసు. దాన్ని నోటిలో కాసేపు ఉంచుకొన్నాడు.

"ఆపు. పైకి లాగెయ్. మనిషెత్తు పైన ఆపి పంపు బిగించు. పలచగా వచ్చినా తియ్యగా వస్తాయి" అన్నాడు.

మంచె దిగాక, జనం దూరంగా వెళ్ళేదాకా ఆగి, "అప్పుడూ నీకు ఇలాగే చెప్పాల్సిందిరా" అన్నాడు.

సాలమోను గొట్టానికి అంటిన బురద తుడుస్తున్నాడు. తల ఎత్తలేదు. "చెప్పాల్సిందేనండి" అన్నాడు. తుడవడం ముగించి, "మట్టి కలిపేను, మెత్తుతారా? పేడ వేసేనండి" అన్నాడు.

జ్ఞానప్రకాశం కూర్చొని మెత్తాడు.

ఆ ఆదివారం మందిరానికి వస్తుంటే దారిలో ఎవరో, "సూర్యావతి గారి కొత్త బోరు కొబ్బరినీళ్ళలాగుందంట. సాలమోను చెయ్యే చెయ్యి" అనుకొంటూ పోవడం బావా బావమరిదీ ఇద్దరూ విన్నారు. జ్ఞానప్రకాశం గుండెలో ఆ పాత ముల్లు ఉన్నచోటనే కదిలింది. దాన్ని తీసేయకుండానే అతడు చాప మీద కూర్చొన్నాడు. పళ్లెం వచ్చింది. ముల్లు గుచ్చుకొంటూనే ఉండగా రొట్టెలో ఒక ముక్క విరుచుకొన్నాడు. అది అనుకొన్నదాని కంటె పెద్దదిగా వచ్చింది. ఆడవారి వైపు నుంచి సుగుణ చూసింది. పళ్లెం సాలమోనుకు అందించి, ఆ ముక్కను నోట్లో పెట్టుకొన్నాడు.